లిటిల్ హౌస్ పుస్తకాలు పాపకు ఇవ్వొచ్చా? ఇవ్వండి, పెట్టె మొత్తం ఒకేసారి మాత్రం వద్దు

నాలుగో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి పక్కింటివాళ్లు లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన 'లిటిల్ హౌస్' పుస్తకాల పెట్టె, తొమ్మిదీ ఉన్నది, బహుమతిగా ఇచ్చారని రాశారు. స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఒకరు "అవి రేసిస్ట్ పుస్తకాలు, ఇంట్లో ఉంచకండి" అన్నారట. ఇంకొకరు "అమెరికాలో పెరిగే పిల్లలు తప్పక చదవాల్సినవి" అన్నారట. ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏది ముందు, అందులో ఉన్నదంతా నిజంగా జరిగిందేనా అని అడిగారు.

నేను ఇక్కడి ఒక పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగంలో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఇదే పెట్టె చేత్తో పట్టుకుని, ఇదే టెన్షన్‌తో మన తెలుగు తల్లిదండ్రులు చాలామంది వస్తుంటారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతాను. పుస్తకాలు ఇవ్వండి. కానీ ఒక్కొక్కటిగా ఇవ్వండి, కొన్నింటికి మీరు పక్కన కూర్చోండి, మధ్యలో ఇంకో రచయిత్రి పుస్తకం ఒకటి కలపండి. ఆ ఇంకో పుస్తకం లేకుండా ఈ పెట్టె చదివిన పిల్లకు సగం కథే తెలుస్తుంది.

ముందు మీ మూడో ప్రశ్న తీసుకుంటాను. ఇవి నవలలు. మనుషులు నిజం, ఊళ్లు నిజం, సంఘటనల్లోనూ చాలా భాగం నిజం. వరస, వయసులు, కారణాలు మాత్రం కథకు తగ్గట్టు మారాయి. లారా 1867లో విస్కాన్సిన్‌లోని పెపిన్ ఊరి దగ్గర అడవిలో పుట్టింది. నాన్న చార్ల్స్, అమ్మ కేరొలైన్, అక్క మేరీ, చెల్లెళ్లు కేరీ, గ్రేస్. గూడుబండిలో సామాను వేసుకుని విస్కాన్సిన్, కాన్సస్, మిన్నెసోటా, అయోవా, డకోటా అంటూ ఆ కుటుంబం ఊళ్లు మారుతూనే ఉంది. అరవై దాటాక, 1930లో, లారా తన జీవితాన్ని 'పయనీర్ గర్ల్' అనే పేరుతో పెద్దల కోసం రాసింది. ఏ ప్రచురణకర్తా తీసుకోలేదు. ఆ రాతలోంచే పిల్లల నవలలు పుట్టాయి: మొదటిది 1932లో, ఎనిమిదోది 1943లో వచ్చాయి. ఆమె కూతురు రోజ్ వైల్డర్ లేన్ అప్పటికే పేరున్న రచయిత్రి. తల్లి చేత్తో రాసిచ్చింది టైపు చేయడం, అధ్యాయాలు మార్చడం, కథను బిగించడం ఆమె పనే. తల్లీకూతుళ్లలో ఎవరి వాటా ఎంతన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. నా వరకు కళ్లకు కట్టే ఆ వివరమంతా తల్లిదే అనిపిస్తుంది, కథ ఆగకుండా నడిపించే చెయ్యి కూతురిది.

ఆ మూల రాతప్రతి 2014లో వివరమైన నోట్సుతో అచ్చయింది. మీకు వీలైతే లైబ్రరీ నుంచి తెచ్చుకుని మీరు చదవండి, పాపకు కాదు. నవలల్లో లేనివి అందులో కనిపిస్తాయి. లారాకు ఫ్రెడ్డీ అని ఒక తమ్ముడు ఉండేవాడు. 1875లో పుట్టి ఏడాది నిండకుండానే పోయాడు. ఆ తర్వాత కుటుంబం అయోవాలో బర్ ఓక్ అనే ఊళ్లో హోటల్ పని చేసుకుంటూ బతికింది. చివరికి బాకీలు తీర్చలేక చీకటి ఉండగానే బండి కట్టుకుని ఊరు దాటింది. ఆ కాలం మొత్తాన్ని నవలల్లోంచి తీసేశారు. తన కాళ్ల మీద తాను నిలబడి, ఎవరికీ చెయ్యి చాపని కుటుంబం అనే బొమ్మకు ఇవి సరిపడవు మరి. మీ అమ్మాయి "ఇది నిజమేనా?" అని అడిగితే, "ఒక ముసలమ్మ తన చిన్నతనం గురించి గుర్తున్నవీ, గుర్తుండాలనుకున్నవీ కలిపి చెప్పిన కథ" అనండి. తొమ్మిదేళ్ల పిల్లకు ఇది బాగానే అర్థమవుతుంది.

ఇక చదివే వరస.

'లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్'తో మొదలుపెట్టండి. ఇందులో పెద్ద కథంటూ ఏమీ లేదు, ఒక ఏడాది పాటు అడవిలో ఒక ఇల్లు ఎలా నడిచిందో చెబుతుంది అంతే. కానీ ఇంట్లో జరిగే పనిని ఇంత దగ్గరగా చూపించిన పిల్లల పుస్తకం నాకు ఇంకొకటి తెలియదు. బోలు చెట్టు మొదలులో జింక మాంసం వేలాడదీసి పచ్చి హికరీ చెక్కపేళ్లతో పొగబెట్టడం, సీసం కరిగించి తుపాకీ గుండ్లు పోసుకోవడం, మేపుల్ పాకాన్ని మంచు మీద పోసి మిఠాయి చేసుకోవడం, దూడ పొట్ట పొరతో పాలు విరగ్గొట్టి జున్ను గడ్డ కట్టడం, అన్నీ ఒక చిన్నపిల్ల అమ్మ పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటాయి.

వెన్న చిలికే రోజు సంగతి చూడండి. ఆ ఇంట్లో సోమవారం బట్టలుతుకు, మంగళవారం ఇస్త్రీ, గురువారం వెన్న, ఇలా రోజుకో పని. చలికాలంలో మీగడ వేసవిలోలా పసుపుపచ్చగా ఉండదు, వెన్న తెల్లగా వస్తుంది. అమ్మకు అది నచ్చదు. చిల్లుపడ్డ రేకు గిన్నె అడుగున నాన్న మేకుతో బెజ్జాలు పొడిచి ఇచ్చిన తురుముపీట ఉంటుంది. దాని మీద క్యారెట్ తురిమి, పాలలో మరిగించి, గుడ్డలో వేసి పిండి, ఆ పచ్చటి పాలను మీగడలో కలుపుతుంది. గుడ్డలో మిగిలిన క్యారెట్ పిప్పి పిల్లలకు. పెద్దదాన్ని కనుక నాకు ఎక్కువ కావాలని మేరీ, చిన్నదాన్ని కనుక నాకే ఎక్కువ కావాలని లారా. అమ్మ సమానంగా పంచుతుంది. చిలకడం అయ్యాక వెన్నను చెక్క అచ్చులో నొక్కి తీస్తే ప్రతి ముద్ద మీదా ఒక స్ట్రాబెరీ పండు, రెండు ఆకులు. ఆ పేజీలు చదివిన రోజు మూత బిగిసే గాజు సీసాలో సగం వరకు చిక్కటి మీగడ పోసి పాప చేతికివ్వండి, ఊపుతూ ఉంటే వెన్న పడుతుంది. అమ్మమ్మకు వీడియో కాల్ చేసి కవ్వం గురించి అడిగించండి. ఈ పుస్తకానికి ఇంతకన్నా మంచి పాఠం స్కూల్లో కూడా చెప్పరు.

రెండు జాగ్రత్తలు. మొదటి అధ్యాయంలోనే పందిని కోసే రోజు వస్తుంది. లారా మంచం మీద మొహం దాచుకుని చెవులు మూసుకుంటుంది, తర్వాత అక్కాచెల్లెళ్లు పంది మూత్రాశయాన్ని ఊది బంతిలా ఆడుకుంటారు, తోక కాల్చుకుని తింటారు. మీది శాకాహార కుటుంబమైతే పాపకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి, బెంబేలు పడదు. ఇంకోటి, జుట్టు సంగతి. మేరీది బంగారు రంగు జుట్టు, లారాది గోధుమ రంగు. బంగారు రంగే అందం అని మేరీ అంటే లారా చెంప మీద కొడుతుంది, నాన్న లారాను తోలు పట్టీతో కొడతాడు. కొట్టాక దగ్గరికి తీసుకుని "నా జుట్టూ గోధుమ రంగే కదా" అంటాడు. కొట్టడం గురించీ మాట్లాడండి, రంగు గురించీ మాట్లాడండి. మన ఇళ్లలో పిల్లల రంగు గురించి చుట్టాలు అనే మాటలు మీకు తెలియనివి కావు. ఈ పేజీ దగ్గర మన పిల్లలు నోరు విప్పి చెప్పిన సంగతులు విని తల్లులు ఆశ్చర్యపోవడం నేను చూశాను.

'ఫార్మర్ బాయ్' న్యూయార్క్ రాష్ట్రంలో కాస్త కలిగిన రైతు ఇంట్లో పెరిగిన అల్మాంజో కథ. లారా తర్వాత ఇతన్నే పెళ్లాడింది. తిండి వర్ణనలు విపరీతం. పాపకు ఆసక్తి ఉంటే చదువుతుంది, లేకపోతే వదిలేయండి, తర్వాతి కథకు ఏమీ లోటు రాదు.

ఇప్పుడు ఆగండి. పెట్టెలో తర్వాత ఉన్నది కాన్సస్‌లో నడిచే 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ'. దానికి ముందు లూయిస్ ఎర్‌డ్రిచ్ రాసిన 'ద బర్చ్‌బార్క్ హౌస్' తెచ్చి ఇవ్వండి. 1999లో వచ్చింది. ఎర్‌డ్రిచ్ స్వయంగా ఒజిబ్వే అనే అమెరికా ఆదివాసి జాతి వంశస్థురాలు. కథ 1847లో సుపీరియర్ సరస్సులోని ఒక దీవిలో జరుగుతుంది. ఓమకయాస్ అనే ఏడేళ్ల ఒజిబ్వే పిల్ల, అమ్మ, నాన్న, అవ్వ, అందాల అక్క, అల్లరి తమ్ముడు, ముద్దుల బుల్లి తమ్ముడు. వేసవిలో భూర్జపత్ర చెట్టు బెరడు ఒలిచి ఇల్లు కట్టుకోవడంతో మొదలై నాలుగు రుతువులూ తిరుగుతుంది. ఇక్కడా మేపుల్ పాకం కాస్తారు, ఇక్కడా తోళ్లు పదును చేస్తారు, ఇక్కడా చిన్న చెల్లెలికి అక్కంటే కుళ్లు. లారాను ప్రేమించిన పిల్ల ఓమకయాస్‌నూ వెంటనే ప్రేమిస్తుంది. నాకు కావలసింది అదే. చలికాలంలో ఒక అపరిచితుడితో పాటు మశూచి ఆ ఊరికి వస్తుంది. ఓమకయాస్ బుల్లి తమ్ముడు నీవో చనిపోతాడు. పాప ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ఆ అధ్యాయం రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు.

ఓమకయాస్ పరిచయమయ్యాక కాన్సస్ పుస్తకం తెరిస్తే పాప కళ్లే వేరుగా ఉంటాయి. ఇది పక్కన కూర్చుని చదివించాల్సిన పుస్తకం.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఆరోపణ ముఖ్యంగా దీని గురించే, అది వట్టి మాట కాదు. ఇందులో ఒక పొరుగింటామె, మంచి ఆదివాసి అంటే చచ్చిన ఆదివాసే అనే అర్థంలో ఒక మాట అంటుంది. ఆ మాట ఒకటికి రెండుసార్లు వినిపిస్తుంది. లారా అమ్మకు ఆ ప్రజలంటే భయం, అసహ్యం, అది దాచుకోదు కూడా. నాన్న కొంచెం నయం, కానీ ఆ నేల తనదవుతుందన్న విషయంలో అతనికీ అనుమానం లేదు. 1935లో అచ్చయిన మొదటి ముద్రణలో, ఆ ప్రాంతంలో మనుషులే లేరు, ఇండియన్లు, అంటే అక్కడి ఆదివాసులు, మాత్రమే ఉండేవాళ్లు అనే అర్థం వచ్చే వాక్యం ఉండేది. 1952లో ఒక పాఠకురాలు ప్రచురణ సంస్థకు ఉత్తరం రాసి నిలదీసింది. అప్పటికి ఎనభై ఐదేళ్ల లారా అది తన పొరపాటేనని ఒప్పుకుంది, 1953 ముద్రణ నుంచి 'మనుషులు' అన్నచోట 'సెటిలర్లు' అని మార్చారు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది మార్చిన ప్రతే అయి ఉంటుంది.

కానీ ఒక్క పదం మారిస్తే పోయేది కాదు అసలు సమస్య. కథ నడిచే నేల ఎవరిది? ఇంగల్స్ కుటుంబం 1869లో కాన్సస్‌లో ఇండిపెండెన్స్ ఊరికి దగ్గర్లో ఇల్లు కట్టుకున్న చోటు ఒసేజ్ అనే ఆదివాసి ప్రజల రిజర్వు భూమి. అంతకుముందు వదులుకున్న భూములు పోగా, ఒప్పందం ప్రకారం వాళ్లకు మిగిలిన తునక అది. చట్టప్రకారం అక్కడ తెల్ల రైతులెవరూ ఇల్లు కట్టకూడదు. అయినా వేలమంది వచ్చి పడ్డారు, ఎలాగూ ప్రభుత్వం రేపో మాపో తమకే ఇస్తుందన్న ధీమాతో. నవలలో ఇద్దరు ఒసేజ్ మగవాళ్లు చెప్పాపెట్టకుండా ఇంట్లోకి వచ్చి, అమ్మ చేత రొట్టె చేయించుకుని తిని వెళ్లే సన్నివేశం ఉంది. చిన్నపిల్ల కంటితో చదివితే వాళ్లు భయపెట్టే దొంగల్లా ఉంటారు. అక్కడ ఆపి పాపను అడగండి: "వీళ్ల వాగు ఒడ్డున చెట్లు కొట్టి ఆ ఇల్లు కట్టింది ఎవరు? వీళ్లు వేటాడే జింకల్ని వేటాడుతున్నది ఎవరు?" జవాబు మీరు చెప్పనక్కర్లేదు.

చివర్లో ఇంకో చోట ఆపండి. ఒసేజ్ ప్రజలంతా గుర్రాల మీద వరసగా ఆ ఇంటి ముందు నుంచి వెళ్లిపోతారు. పొద్దున మొదలైన వరస మధ్యాహ్నం దాటినా తెగదు. లారా ఒక తల్లి గుర్రం పక్కన బుట్టలో ఉన్న నల్లని కళ్ల పసిబిడ్డను చూసి, ఆ బిడ్డ తనకు కావాలని ఏడుస్తుంది. ఎందుకు ఏడుస్తోందో తనకే తెలియదు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. ఈ అధ్యాయం నేను ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది, కోపమూ వస్తుంది. వెళ్లిపోతున్న జనం ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నారో పుస్తకం చెప్పదు. పైగా తర్వాతి పేజీల్లో, సైనికులు వచ్చి సెటిలర్లనే ఖాళీ చేయిస్తారని విని, నాన్న పరువు పోకముందే బండి కట్టి బయల్దేరతాడు. అంటే అన్యాయం జరిగింది ఇంగల్స్ కుటుంబానికి అన్న భావంతో పిల్ల పుస్తకం మూస్తుంది. జరిగింది వేరు. 1870లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, ఒసేజ్ ప్రజలు కాన్సస్ వదిలి ఇప్పటి ఓక్లహోమాకు వెళ్లాల్సి వచ్చింది, సెటిలర్లు అక్కడే ఉండి ఎకరం డాలరుంపావుకు కొనుక్కున్నారు. ఇంగల్స్ వాళ్లు 1871లో తిరిగి వెళ్లడానికి కారణం విస్కాన్సిన్‌లో వాళ్ల పాత ఇల్లు కొన్నవాడు డబ్బు కట్టలేక వెనక్కి ఇచ్చేయడం. అప్పటికి లారాకు నాలుగేళ్లు. తనకు గుర్తున్నదానికన్నా ఇంట్లోవాళ్లు చెప్పుకోగా విన్నదే ఆ పుస్తకంలో ఎక్కువ. ఈ నాలుగు ముక్కలూ పాపకు చెప్పండి, మ్యాప్‌లో కాన్సస్, ఓక్లహోమా చూపించి చెప్పండి.

అదే పుస్తకంలో మన పిల్లలకు తప్పక చూపించాల్సిన అధ్యాయం ఇంకొకటి ఉంది. వేసవిలో ఇంటిల్లిపాదికీ చలిజ్వరం పట్టుకుంటుంది. మంచినీళ్లు ఇచ్చేవాళ్లు కూడా లేక అందరూ పడి ఉంటే ఒక నల్లజాతి డాక్టరు వచ్చి చేదు మందు, అంటే క్వినైన్, మింగించి బతికిస్తాడు. ఆయన నిజంగా ఉన్న మనిషి, డాక్టర్ జార్జ్ టాన్. ఒసేజ్ ప్రజలకూ వైద్యం చేసేవాడు. వాగు పక్కన కాసిన పుచ్చకాయలు తినడం వల్లే జ్వరం వచ్చిందని పొరుగింటామె నమ్మకం. దోమల వల్ల అని అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అది తేలింది 1897లో, మన సికింద్రాబాద్‌లో. ఆడ దోమ పొట్టలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ మైక్రోస్కోపు కింద చూసింది బేగంపేటలోని ఒక బంగళాలో, ఆ భవనం ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు బయటి నుంచైనా చూపించండి. లారా ఇంటి జ్వరానికీ బేగంపేటకీ ముడి ఉందని తెలిస్తే పిల్లల మొహాలు వెలిగిపోతాయి.

మిగతావి త్వరగా చెబుతాను. 'ఆన్ ద బ్యాంక్స్ ఆఫ్ ప్లమ్ క్రీక్'లో మిన్నెసోటాలో మిడతల దండు దిగి పంటంతా నాకేస్తుంది. నాన్న బూట్లు అరిగేలా తూర్పుకు నడిచి వెళ్లి కూలి పని చేస్తాడు. ఆ రాకీ మౌంటెన్ మిడత జాతి తర్వాత ముప్పై ఏళ్లు తిరక్కుండానే భూమ్మీద నుంచే మాయమైంది, ప్రాణంతో చివరిసారి దొరికింది 1902లో. పురుగులంటే ఇష్టమున్న పిల్లయితే ఇక్కడ వారం రోజులు తిరుగుతుంది. 'బై ద షోర్స్ ఆఫ్ సిల్వర్ లేక్' మొదట్లోనే మేరీకి చూపు పోయి ఉంటుంది. పుస్తకం స్కార్లెట్ ఫీవర్ అంటుంది, మెదడుకు సోకిన వైరస్ కావచ్చని 2013లో వైద్యులు పాత ఉత్తరాలు, పత్రికలు చూసి తేల్చారు. నూట అరవై ఎకరాలు ఉచితంగా ఇచ్చే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం గురించి మాట్లాడటానికి కూడా ఇదే పుస్తకం. అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే భూమి నీది. నాన్న దాన్ని ప్రభుత్వంతో కాసిన పందెం అంటాడు. పందెంలో ప్రభుత్వం ఒడ్డిన నేల ఎవరి దగ్గర తీసుకున్నదో ఈపాటికి మీ పాపే చెబుతుంది.

నా ఉద్దేశంలో మొత్తం వరసలో గొప్పది 'ద లాంగ్ వింటర్'. 1880-81 చలికాలం, డకోటాలో డి స్మెట్ ఊరు. అక్టోబరులోనే మంచు తుపాను, తర్వాత రైళ్లు నిలిచిపోయి వసంతం ముదిరేదాకా రాలేదు. బొగ్గు అయిపోతే ఎండుగడ్డిని తాడులా మెలిపెట్టి కర్రల్లా చేసి పొయ్యిలో వేస్తారు, అవి చూస్తుండగానే కాలిపోతాయి, మళ్లీ మెలిపెట్టాలి. కిరోసిన్ అయిపోతే బండి ఇరుసు గ్రీజులో ఒక గుండీకి గుడ్డ చుట్టి వత్తిలా వెలిగిస్తారు. పిండి అయిపోతే గోధుమల్ని కాఫీ గింజలు విసిరే చిన్న చేతి మరలో ఒకరి తర్వాత ఒకరు రోజంతా విసురుతారు. ఆ విసురుడు చప్పుడు, బయట గాలి హోరు తప్ప ఇంకేమీ జరగని పేజీలు ఉన్నాయి, అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఆకలితో మనుషులు ఎలా మొద్దుబారతారో పిల్లల పుస్తకంలో ఇంత నిజాయితీగా రాసినవాళ్లు తక్కువ. పాపకు పదేళ్లు దాటాక ఇవ్వండి.

'లిటిల్ టౌన్ ఆన్ ద ప్రెయిరీ'లో నాన్నతో సహా ఊరి మగవాళ్లు మొహాలకు నల్లరంగు పూసుకుని నల్లజాతివాళ్లను వెక్కిరించే ప్రదర్శన ఇస్తారు, ఊరంతా నవ్వుతుంది. అప్పట్లో అది మామూలు వినోదం. దాన్ని దాటవేయకండి, ఎవరు నవ్వుతున్నారు, ఎవరు ఆ గదిలో లేరు అని అడగండి. 'దీజ్ హ్యాపీ గోల్డెన్ ఇయర్స్' లారా టీచరు ఉద్యోగం, పెళ్లి, కాబట్టి పన్నెండేళ్లు వచ్చాక బాగుంటుంది. తొమ్మిదోది, 'ద ఫస్ట్ ఫోర్ ఇయర్స్', లారా పోయాక 1971లో ఆమె చిత్తుప్రతిని ఉన్నదున్నట్టు అచ్చు వేశారు. అప్పులు, పంట నష్టం, పసిబిడ్డ మరణం, ఇల్లు కాలిపోవడం ఉంటాయి. అది పెద్దల పుస్తకం. పెట్టెలోంచి తీసి మీ అలమరలో పెట్టుకోండి.

అవార్డు సంగతి కూడా ఎవరో గ్రూపులో ప్రస్తావించారన్నారు. అమెరికా లైబ్రరీ సంఘంలోని పిల్లల విభాగం 1954 నుంచి లారా పేరుతో ఒక పురస్కారం ఇచ్చేది, 2018లో ఆ పేరు తీసేసి బాలసాహిత్య వారసత్వ పురస్కారం అని మార్చింది. పుస్తకాల్ని నిషేధించలేదు, చదవొద్దని కూడా అనలేదు. ఇన్ని రకాల పిల్లల కోసం రాసే రచయితలకు ఇచ్చే గౌరవానికి ఆ పేరు తగదని అనుకున్నారు. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. నా లైబ్రరీ షెల్ఫులో ఆ పుస్తకాలు ఉండటమూ సరైనదే.

పాప పదకొండేళ్లకు వచ్చాక లిండా స్యూ పార్క్ రాసిన 'ప్రెయిరీ లోటస్' ఇవ్వండి. కథ 1880 డకోటాలో నడుస్తుంది, సగం ఆసియా రక్తం ఉన్న హానా అనే అమ్మాయి కొత్త ఊళ్లో బడికి వెళ్తే ఊళ్లో చాలామంది పిల్లల్ని బడి మాన్పించే కథ. చిన్నప్పుడు లారా పుస్తకాల్ని ప్రాణంగా చదివి, వాటిలో తనలాంటి పిల్లకు చోటు లేదని బాధపడిన కొరియన్ అమెరికన్ రచయిత్రి రాసింది. గోధుమ రంగు చర్మంతో ఇక్కడ బడికి వెళ్లే మన పిల్లలకు ఇది నేరుగా తగులుతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా కోస్తా జిల్లాల నుంచి నిజాంసాగర్ కింద భూములకో, తుంగభద్ర కాలువ వచ్చాక సింధనూరు, గంగావతి వైపు క్యాంపులకో వెళ్లినవాళ్లయితే వాళ్ల చేత కూడా కథ చెప్పించండి. తుమ్మ కంపలు కొట్టి మళ్లు కట్టడం, పాముల భయం, గుడిసెలో మొదటి వానాకాలం వింటే లారా వాళ్ల నాన్న గుర్తొస్తాడు. రెండూ ఒకటే అని మాత్రం చెప్పకండి. మనవాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్నారు, వెనక సైన్యం లేదు. అయినా అక్కడి స్థానికులకు ఆ రాక ఎలా కనిపించి ఉంటుందన్న ప్రశ్న తాతగారిని కూడా అడగొచ్చు.

టీవీ సీరియల్ చూపించాలా అని చివర్లో అడిగారు. 1974 నుంచి తొమ్మిదేళ్లు వచ్చిన ఆ సీరియల్‌కీ పుస్తకాలకీ పేర్లు, ఊరు కలుస్తాయి, కథలు చాలావరకు కల్పించినవి. పుస్తకాల తర్వాత చూస్తే చూడనివ్వండి. దానికన్నా ఆడియో పుస్తకాలు మేలు. చెర్రీ జోన్స్ చదివినవి మీ లైబ్రరీ యాప్‌లో ఉచితంగా దొరుకుతాయి, నాన్న ఫిడేలు వాయించిన చోటల్లా నిజంగా ఫిడేలు వినిపిస్తుంది. 'బిగ్ వుడ్స్' అయ్యేలోపు 'బర్చ్‌బార్క్ హౌస్'కు హోల్డ్ పెట్టుకోండి. నవంబరులో బడుల నుంచి దానికి గిరాకీ ఎక్కువ, చాలా రోజులు ఆగాల్సి వస్తుంది.